క్షణముక్తేశ్వరుని సన్నిధిలో న్యూట్రినో విచారము

గౌతమీ గోదావరి ఒడ్డున, కోటిపల్లి రేవునకు ఎదురుగా ఉన్న ముక్తేశ్వరములో వెలసిన స్వామికి క్షణముక్తేశ్వరుడని పేరు. జన్మపరంపరలచే పేరుకొనిన బంధము ఆ స్వామి అనుగ్రహమున ఒక్క క్షణములో విడిపోవునని భక్తుల విశ్వాసము. కార్తికమాసమున ఆవలి ఒడ్డున సోమేశ్వరుని సేవించి, పంటు మీద నది దాటి వచ్చు యాత్రికులతో ఈ రేవు తెల్లవారుజాము నుండియే కళకళలాడుచుండును. కొన్ని సంవత్సరముల క్రిందట అట్టి కార్తికములో ఒక సాయంకాలము జరిగిన ప్రవచనమును, తదనంతరము రేవుగట్టున తాతామనుమల నడుమ నడచిన సంభాషణమును జిజ్ఞాసువుల ముందుంచుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ప్రవచనము చేసినవారు డెబ్బదియేండ్లు దాటిన ఘనపాఠి. కృష్ణయజుర్వేదమును గురుముఖతః అభ్యసించి, జీవితమంతయు అధ్యాపనములోను అభిషేకములలోను గడిపినవారు. చుట్టుప్రక్కల అగ్రహారములలో వారి మాటకు గొప్ప గౌరవము. ఆనాటి విషయము 'క్షణముక్తి' అను పదమునకు అర్థము. గదిలోని చీకటి ఎన్నేండ్లనాటిదైనను, దీపము వెలిగించినప్పుడు అది తొలగుటకు అన్నేండ్లు పట్టదు గదా అని వారు మనోహరముగా వివరించుచుండగా సభ తన్మయమై వినుచుండెను. అక్కడితో ఆపినచో ఈ వృత్తాంతమే లేదు. ఆ ఉదయమే ఒక శిష్యుడు వారి ఫోనునకు ఒక సందేశమును పంపియుండెను. దానిని వారు విచారింపక సభలో వినియోగించిరి.

"ప్రతి క్షణం మన శరీరాల గుండా కోటానుకోట్ల న్యూట్రినోలు పోతున్నాయిట. గోడ అడ్డం కాదు, కొండ అడ్డం కాదు, భూగోళమే అడ్డం కాదు. దేనినీ అంటవు, దేనిచేతా అంటబడవు. మన ఋషులు ఆత్మ అన్నదే ఈనాటి శాస్త్రజ్ఞుల న్యూట్రినో!"

సభ అంతయు కరతాళధ్వనులతో మారుమ్రోగెను. హరహర మహాదేవ యనిరి. ముందువరుసలోని భక్తుడొకరు ఆ మాటలను ఫోనులో చిత్రించి అప్పటికప్పుడే పదిమందికి పంపిరి. మండపస్తంభమునకు ఆనుకొని కూర్చుండిన ఘనపాఠిగారి మనుమడు మాత్రము తలవంచుకొని ఉండిపోయెను. ఆ బాలుడు... బాలుడనుట అలవాటు చేత వచ్చిన మాట, అప్పటికి ఇరువదియారేండ్లవాడు. ఉపనయనమైన పిమ్మట తాతగారి వద్ద నమక చమకములును, అరుణమును నేర్చి, ఆ తరువాత అధ్యయనము విడిచి భౌతికశాస్త్రమున ప్రవేశించి, దూరనగరములో ప్లాస్మా తరంగములపై పరిశోధన చేయుచు సెలవులకు వచ్చియుండెను. వంశములో ఘనపాఠము తనతో ఆగిపోవునేమో యన్న కొరత తాతగారి మనస్సులో ఉండనే ఉన్నది. దానిని వారెన్నడు పైకి అనలేదు, మనుమడెన్నడు మరువలేదు.

దీపారాధన ముగిసిన వెనుక తాతగారే అనిరి: "ఒరే అబ్బాయీ, పద, రేవు దాకా వెళ్ళొద్దాం."

చివరి పంటు ఆవలి ఒడ్డునకు పోయినది. దొప్పలలో వదలిన దీపములు కొన్ని ఇంకను నీటిపై వెలుగుచున్నవి. గట్టుమీద కూర్చుండి వారు అడిగిరి.

"ఏరా, ప్రవచనం నచ్చలేదా?"

"ముక్తిని గురించి మీరు చెప్పింది చాలా బాగుంది తాతగారూ. న్యూట్రినో సంగతే..."

"చెప్పరా. నా దగ్గర మొహమాటమేమిటి?"

"న్యూట్రినో ఆత్మ కాదండి. అది వికారం పొందుతుంది."

ఘనపాఠిగారు మరి మాటాడలేదు. వేరొక విధముగా చెప్పియున్నచో వాదమునకు దిగియుందురేమో. కాని 'వికారము' అన్నది శాస్త్రము తానే పెట్టిన పరీక్ష. పుట్టుట, ఉండుట, పెరుగుట, మారుట, క్షీణించుట, నశించుట అను షడ్భావవికారములు దేనికి కలవో అది ఆత్మ కాజాలదు. ఆ ఒక్క మాటతో విచారమంతయు వారికి తెలిసిన న్యాయస్థానమునకే వచ్చినది.

మనుమడు వివరించిన సంగతి ఇది. న్యూట్రినోలు మూడు జాతులు. ఒక జాతిగా బయలుదేరినది మార్గమధ్యమున వేరొక జాతిగా మారుచుండును. 1998లో జపానులోని సూపర్ కామియోకాండె, ఆ పిమ్మట 2001-02లలో కెనడాలోని సడ్‌బరీ ప్రయోగశాల ఈ పరివర్తనమును నిర్ధారించినవి. 2015వ సంవత్సరపు నోబెల్ బహుమానము దీనికే లభించినది. ఇట్లు మారవలెనన్నచో అత్యల్పమైనను ద్రవ్యరాశి ఉండి తీరవలెను. అదియు గాక, సూర్యగర్భము వంటి సాంద్రద్రవ్యము గుండా పోవునప్పుడు అక్కడి ఎలక్ట్రాన్ల సమూహము ఈ మార్పును ప్రభావితము చేయును. అనగా న్యూట్రినో అసంగమును కాదు. మన దేహములను అంటక పోవుట దాని అల్పసంగత్వమే తప్ప అసంగత్వము కాదు. ఉపనిషత్తులు ఆత్మను అసంగమన్నప్పుడు 'చాలవరకు అంటదు' అను అర్థములో అనలేదు గదా.

ఇక్కడ ఒక మహనీయుని స్మరించుట అప్రస్తుతము కాదు. భీమవరము సమీపమున గొరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సంసారమును విడిచి, హిమాలయములలో తపస్సు చేసి స్వామి జ్ఞానానందులైరి. అటుపిమ్మట ఐరోపాకు వెళ్ళి, ప్రాగ్ నగరమున ఎక్స్‌కిరణ వర్ణపటములను, ఇంగ్లండులోని లివర్‌పూలులో జేమ్స్ చాడ్విక్ వద్ద కేంద్రకభౌతికమును అభ్యసించి, చివరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రకభౌతిక పరిశోధనకు పునాది వేసి 1969లో సిద్ధి పొందిరి. ఆ చాడ్విక్ మహాశయుడే 1914లో బీటా కిరణములలోని ఒక విపరీతమును కనుగొనినవాడు. పరమాణుకేంద్రకము నుండి వెలువడు ఎలక్ట్రాన్ల శక్తి ఒకే విధముగా లేక, ఎక్కువ తక్కువలుగా పరచుకొని ఉన్నది. మిగిలిన శక్తి ఏమైనది? కంటికి కానరాని వేరొక కణము దానిని ఎత్తుకొని పోవుచున్నదని 1930 డిసెంబరులో పౌలీ ఊహించెను. అదియే న్యూట్రినో. ఊహించిన 26 ఏండ్లకు గాని, 1956లో గాని, అది ప్రయోగమున చిక్కలేదు. ఘనపాఠిగారు బాల్యములో జ్ఞానానందస్వామి పేరు విని ఉన్నారు. కాషాయము కట్టినవాడు ప్రయోగశాలలో ఏమి చేయుచుండెనా యని ఆనాడు పెద్దలు ఆశ్చర్యపడిన సంగతి వారికి జ్ఞాపకము వచ్చినది.

"సరే, ఆత్మ కాదు. ఒప్పుకున్నాను. మరి నువ్వు చదివే ప్లాస్మాకూ దీనికీ సంబంధమేమిటి?" అని వారడిగిరి.

మనుమడు సిలోన్ రేడియోతో మొదలుపెట్టెను. పూర్వము కోనసీమ ఇండ్లలో ఇంత ఆసక్తితో వినిన ఆ ప్రసారములు సముద్రము దాటి ఎట్లు వచ్చుచుండెను? ఆకాశమున ఎత్తున అయనావరణమను పొర కలదు. సూర్యకిరణములు అక్కడి వాయుపరమాణువుల నుండి ఎలక్ట్రాన్లను వేరుచేయును. విడివడిన ఎలక్ట్రాన్లును, వాటిని కోల్పోయిన పరమాణువులును కలసి ఉండు ఆ స్థితియే ప్లాస్మా. మెరుపు ప్లాస్మా, సూర్యుడు ప్లాస్మా. ప్లాస్మాలోని ఎలక్ట్రాన్లను ఒక్కసారి కదపినచో అవి ఊయలవలె తమకు సహజమైన ఒక లయలో ఊగుచుండును. ఆ లయ ఎలక్ట్రాన్ల సాంద్రతను బట్టి ఏర్పడును. ఆ లయ కంటె మెల్లగా కంపించు రేడియో తరంగము లోనికి చొరలేక తిరిగి భూమికి మరలును. అందుచేతనే కొలంబోలో పాడిన పాట ముక్తేశ్వరములో వినబడెడిది. లయను మించిన వేగముతో కంపించు తరంగము మాత్రము ప్లాస్మాలో ప్రవేశించి సాగిపోవును.

అయితే అట్లు ప్రవేశించిన తరంగము మునుపటి తరంగము కాదు. శూన్యములోని కాంతికి బరువు లేదు. ప్లాస్మాలోనిది ఎలక్ట్రాన్లను తనతోపాటు ఊపుకొనుచు పోవలెను. కాంతి, ఎలక్ట్రాన్ల ఊగిసలాట రెండును పెనవైచుకొని ఒక్క తరంగమగును. లెక్కలలో అది ద్రవ్యరాశి గల కణమువలె ప్రవర్తించును. దానికి ప్లాస్మాన్ అని పేరు.

"అంటే కాంతికి ఉపాధి తగులుకున్నదన్నమాట," అనిరి తాతగారు. స్ఫటికము ప్రక్కన దాసానిపువ్వు నుంచినప్పుడు స్ఫటికము ఎఱ్ఱగా తోచునను వేదాంతదృష్టాంతము వారికి స్ఫురించినది. "ఆ బరువు నిజంగా దానిదా, ఆరోపితమా?"

"ప్లాస్మాలో ఉన్నంతవరకు దానిదే తాతగారూ. బయటికి వస్తే ఉండదు."

"బాగుంది. ఇంకేం, సరిపోయింది కదా!"

"పూర్తిగా సరిపోదండి. పువ్వు రంగు వల్ల స్ఫటికానికి ఏమీ కాదు కదా. ఇక్కడ ఆ బరువు వల్ల కాంతి చచ్చిపోగలదు."

ఇది ఈ విషయమునకంతకు హృదయము గనుక కొంచెము నిదానింపవలెను. శూన్యములో పోవు కాంతికణము తనంత తాను రెండు కణములుగా విడిపోజాలదు. వేర్వేరు దిక్కులకు పోవు రెండు కణములను కలిపి లెక్కించినచో ఆ జంటకు కొంత ద్రవ్యరాశి తేలును. కాంతికణమునకు అది లేదు. లేనిది ఉన్నదానిగా విడిపోవుటకు ప్రకృతి నియమము సమ్మతింపదు. అందువలన దూరతారల నుండి వచ్చు కాంతి కోట్ల సంవత్సరములు ప్రయాణము చేసియు చెక్కుచెదరక మన కన్నులను చేరుచున్నది. ప్లాస్మాలో చిక్కిన తరంగమునకు ఉపాధివశమున ద్రవ్యరాశి వచ్చినది. కనుక అది విడిపోవచ్చును. తరంగముతో కూడి ఊగుచున్న ఎలక్ట్రాన్లు, దుర్బలబలము ద్వారా, ఆ తరంగశక్తిని ఒక న్యూట్రినో, ఒక ప్రతిన్యూట్రినో అను జంటగా మార్చును. తరంగము అదృశ్యమగును. ఆ జంట నక్షత్రగర్భమును విడిచి, పైపొరలతో నిమిత్తము లేక, దాదాపు కాంతివేగముతో వెలికి పోవును. ఆడమ్స్, రుడర్‌మన్, వూ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 1963లో ఈ ప్రక్రియను గణించి చూపిరి.

ముక్తేశ్వరములో కూర్చుండి ఇది వినువానికి ఏమి తోచునో చెప్పనక్కరలేదు. సూర్యగర్భమున పుట్టిన కాంతిశక్తి అడుగడుగున ఎలక్ట్రాన్లకు తగిలి, దిక్కులు మారుచు, ఉపరితలమునకు వచ్చుటకు పదుల వేల సంవత్సరములు, కొందరి లెక్కలో లక్షకు పైగా సంవత్సరములు పట్టును. అదే గర్భమున పుట్టిన న్యూట్రినో రెండు మూడు సెకనులలో ఉపరితలము దాటి, ఎనిమిది నిమిషములు పైబడిన కాలములో భూమిని చేరును. అట్లు చేరినవి మన దేహమున ప్రతి చదరపు సెంటీమీటరు గుండా సెకనుకు ఇంచుమించు 6,500 కోట్లు పోవుచుండును. ఒకదానిది చిరబంధము, వేరొకదానిది క్షణముక్తి. సాంద్రప్లాస్మాలోనో, చిరబద్ధమైన కాంతియే క్షణముక్తమైన కణద్వయముగా మారుచున్నది. అదియు దాని బంధము చేతనే! శూన్యములో స్వేచ్ఛగా విహరించు కాంతికి ఈ మార్గము లేదు. ఘనపాఠిగారు ఈ మాట వినినప్పుడు చాలసేపు నీటివంకనే చూచుచుండిరి.

సూర్యునిలో ఈ ప్రక్రియ అంతగా లెక్కకు రాదు; అక్కడి న్యూట్రినోలు కేంద్రకసంయోగము వలన పుట్టినవి. ప్లాస్మాన్ల క్షయము ప్రబలముగా జరుగుటకు సాంద్రత ఎంతో హెచ్చుగా ఉండవలెను. సూర్యుని వంటి తార వృద్ధదశలో అరుణమహాతారగా ఉబ్బినప్పుడు, దాని నడుమ హీలియం గర్భము కుంచించుకొని పోవును. అక్కడ ఒక ఘనసెంటీమీటరు ద్రవ్యము దరిదాపు ఒక టన్ను బరువు తూగును. ఆచమనమునకు వాడు ఉద్ధరిణెడు ద్రవ్యము తీసినచో నాలుగైదు టన్నులు! అట్టి గర్భములో పుట్టి పోవు న్యూట్రినోలు వేడిని ఎత్తుకొని పోవుట వలన గర్భము చల్లబడి, హీలియం మండుట ఆలస్యమగును. ఆ ఆలస్యమునకు తగినట్లు తార మరికొంత ప్రకాశించిన పిదప గాని ఆ దశను దాటదు. గోళాకార తారాగుచ్ఛములలో అరుణతారలు చేరు గరిష్ఠప్రకాశమును కొలిచి, లోపల ఎంత శక్తి న్యూట్రినోలుగా పోయినదో శాస్త్రజ్ఞులు వెనుకకు లెక్కింతురు. పొగను చూచి నిప్పును ఊహించు అనుమానప్రమాణమే ఇది. ఆ తార తుదకు శ్వేతకుబ్జతారగా మిగిలినప్పుడు, దాని వేడిమి ఎక్కువగా ఉన్న తొలికాలమున, వెలుగుగా పోవు శక్తి కంటె న్యూట్రినోలుగా పోవు శక్తియే అధికము. ఆ తారలకు గరిష్ఠభారము సూర్యునికి 1.4 రెట్లని నిర్ణయించినవాడు సుబ్రహ్మణ్య చంద్రశేఖరుడు. పరమేశ్వరుని పేరు పెట్టుకొనిన ఆ మహాశయుడు తారల అంత్యదశను లెక్కించుట యాదృచ్ఛికమే కావచ్చును గాని భక్తునికి ముచ్చట గొలుపును.

"అయితే న్యూట్రినో ఎప్పుడూ ముక్తమేనా? దానికి బంధం అన్నది లేనే లేదా?" అని తాతగారు ప్రశ్నించిరి. గురువు శిష్యుని అడుగునట్లు గాక, నిజముగా తెలిసికొనగోరి అడిగిన ప్రశ్న అది.

లేకేమి! మహాభారమైన తార కేంద్రము తన బరువునకే కూలిపోవునప్పుడు, సాంద్రత ఘనసెంటీమీటరునకు లక్ష టన్నులు, కోటి టన్నులు, ఇంకను పైకి పోవును. అక్కడ న్యూట్రినోకు సైతము దారి దొరకదు. భూగోళమును గాలివలె దాటిపోవు కణము ఆ గర్భములో అడుగడుగున తాకుచు, పది సెకనుల ప్రమాణము గల కాలము బందీయై, మెల్లమెల్లగా వెలికి వచ్చును. కూలుటలో వెలువడిన శక్తిలో నూటికి 99 వంతులు ఈ న్యూట్రినోలదే. మనకు కనబడు మహావిస్ఫోటకాంతి మిగిలిన ఒక్క వంతులో ఒక చిన్న భాగము. అయితే ఒక చిక్కు కలదు. కేంద్రము కూలి, తిరిగి ఎగసిన ఆఘాతతరంగము పైపొరలను విదళించుటకు చాలక నడుమనే ఆగిపోవునని గణనలు చూపినవి. తిరిగి దానికి ఊపిరి పోయునవి న్యూట్రినోలేయని హాన్స్ బేథే మొదలగువారు భావించిరి. న్యూట్రినోలు ఒక్కొక్కటిగా తాకి వేడి ఇచ్చుట సామాన్యమార్గము.

1994 ప్రాంతమున బింగ్‌హామ్, డాసన్, సూ అనువారు, బేథేతో కలసి, వేరొక మార్గమును సూచించిరి. ఇంత గొప్ప న్యూట్రినో ప్రవాహము సాంద్రప్లాస్మాలో పోవునప్పుడు, ఒక్కొక్క కణము ఒక్కొక్క ఎలక్ట్రానును తాకుట గాక, ప్రవాహమంతయు కలసి ప్లాస్మాలో తరంగములను రేపవచ్చునని. గాలి నదిపై అలలను రేపినట్లు. ప్లాస్మా తరంగము న్యూట్రినోలను గుంపులుగా చేయును, గుంపులు తరంగమును మరింత పెంచును. భారతదేశమున జన్మించి జర్మనీలోని బోహుం నగరమున పనిచేసిన పద్మకాంత్ శుక్లా కూడ ఈ విచారమున పాలుపంచుకొనిరి. కాని ఆ తరంగములు పెరుగు వేగము అత్యల్పమని, తార ప్రేలుటకు అది చాలదని వేరు గణనలు చేసినవారు ఆక్షేపించిరి. నేటి విస్ఫోటగణనలు చాలవరకు సామాన్యమార్గమునే ఆశ్రయించుచున్నవి. మనుమడు ఆ రెండు పక్షములను సమముగా చెప్పెను.

"మీ శాస్త్రంలోనూ పూర్వపక్షం, సిద్ధాంతం ఉన్నాయన్నమాట," అని తాతగారు మొదటిసారి నవ్విరి.

"ఉన్నాయండి. సిద్ధాంతం చేసినవాడే రేపు పూర్వపక్షం అయిపోతాడు. అదొక్కటే తేడా."

అప్పుడు 1987 ఫిబ్రవరి 23వ తేదీ ప్రస్తావన వచ్చినది. దక్షిణాకాశమున, 1,68,000 కాంతిసంవత్సరముల దూరమున ఉన్న పెద్ద మెగెల్లానిక్ మేఘములో ఒక మహాతార కూలినది. ఆ న్యూట్రినోలు భూమిని చేరినప్పుడు మన దేశమున మధ్యాహ్నము ఒంటిగంట దాటినది. జపానులోని కామియోకాండెలో, రెండువేల టన్నులకు మించిన నీటిలో, 11 చిక్కినవి. అమెరికాలో 8, సోవియట్ దేశములో 5. అంతయు పండ్రెండు పదమూడు సెకనులలో. ఆ తార వెలుగు కొన్ని గంటల తరువాత గాని కనబడలేదు. బందీయైన న్యూట్రినో పది సెకనుల పాటు వెలికి వచ్చుననిన సిద్ధాంతమునకు అది సాక్ష్యమైనది. ఆ వేళ ఆ తార కోనసీమకు క్షితిజరేఖ దిగువన ఉన్నది. కనుక ఆ కణములు పై నుండి గాక క్రింది నుండి, భూమి గుండా, గోదావరి ఇసుక గుండా, స్వామి పానవట్టము గుండా, అక్కడ నిలిచినవారి పాదముల గుండా పైకి పోయినవి. చదరపు సెంటీమీటరునకు వేయి కోట్లకు తక్కువ కావు.

"ఆ యేడు శివరాత్రి ఎప్పుడు వచ్చింది?" అని తాతగారు తమలో తాము లెక్కవేసికొనిరి. మనుమడు ఫోనులో చూచి చెప్పెను: ఫిబ్రవరి 26.

"మూడు రోజుల ముందన్నమాట. ఆ శివరాత్రికి నేనిక్కడే అభిషేకాలు చేయించాను. ఏమీ తెలియలేదు."

"ఎవరికీ తెలియదు తాతగారూ. తెలియడానికి రెండువేల టన్నుల నీళ్ళు కావాలి."

మన దేశమునకును ఈ విద్యలో స్వంత చరిత్ర కలదని మనుమడు చెప్పెను. చిత్తూరు సీమకు సరిహద్దున, తెలుగు మాట వినబడు కోలారు బంగారు గనులలో, భూమికి రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ తెలిసినది. దక్షిణాఫ్రికా గనిలో జరిగిన ప్రయోగముతో పాటు ప్రపంచమున మొట్టమొదటివి ఇవియే. ఎం.జి.కె. మేనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ప్రభృతులు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలసి ఆ పని చేసిరి. శ్రీకంఠన్ మహాశయులు పదవీవిరమణానంతరము బెంగళూరులో చైతన్యవిచారమున కాలము గడిపిరి. గనిలో న్యూట్రినోను పట్టినవారు చైతన్యమును వేరే వెదకిరన్న సంగతి ఘనపాఠిగారిని ఆలోచింపజేసినది.

ఇంటికి మరలునప్పటికి రాత్రి పది దాటినది. దారిలో తాతగారు ఒక్క మాటయే అనిరి: "రేపు సభలో చెప్పాలిరా."

మరునాటి సాయంకాలము, శాంతిమంత్రము ముగియగానే వారు ఇట్లు ప్రారంభించిరి. "నిన్న నేను న్యూట్రినోను ఆత్మ అన్నాను. ఆ మాట తప్పు. విచారించకుండా చెప్పాను. ఉపసంహరించుకుంటున్నాను."

సభలో నిశ్శబ్దము. ముందురోజు చిత్రించి పంపిన భక్తుడు లేచి, వినయముగానే, "ఇప్పుడెందుకు లెండి గురువుగారూ, అది అప్పుడే ఎన్నో ఊళ్ళకు వెళ్ళిపోయింది. అందరూ ఎంతో సంతోషించారు," అనెను.

"సంతోషం వేరు, ప్రమాణం వేరు నాయనా. పనస చెప్పేటప్పుడు స్వరం తప్పితే ఏం చేస్తాం? వినేవాళ్ళు గుర్తుపట్టలేదు కదా అని ముందుకు పోతామా? వెనక్కి వెళ్ళి మళ్ళీ అందుకుంటాం. ఇదీ అంతే. నిన్నటిది పంపినవాళ్ళందరికీ ఇవాళ్టిది కూడా పంపించు."

వేదాధ్యయనము చేసినవారికి ఈ మాటలోని కష్టము తెలియును. పాఠశాలలో స్వరము తప్పిన బాలుడు వెనుకకు పోవుట సులభము. వేయిమంది గౌరవించు వృద్ధుడు సభామధ్యమున, అందును తాను కోరిన మార్గమును విడిచిన మనుమడు చెప్పిన మాటను బట్టి, వెనుకకు పోవుట అంత సులభము కాదు. సభ ఆనాడు కరతాళధ్వనులు చేయలేదు. కొందరు అసంతృప్తితోనే లేచిపోయిరి. మన శాస్త్రముల గొప్పతనమును తక్కువ చేసిరని ఒకరిద్దరు గొణిగిరి. నిజమునకు గొప్పతనము తగ్గినది ఎచ్చట? న్యూట్రినో ఆత్మయైనచో, రేపు వేరొక ప్రయోగములో దాని ద్రవ్యరాశి తేలినప్పుడు ఆత్మకు బరువు కట్టవలసి వచ్చును గదా. అట్టి బేరము శాస్త్రమునకు అక్కరలేదు.

మిగిలిన సమయమున వారు సాంద్రప్లాస్మాలోని కాంతి సంగతిని దృష్టాంతముగా చెప్పిరి. చెప్పుటకు ముందే, ఇది దృష్టాంతము మాత్రమేయని, ఏ అంశమున సరిపోవునో ఏ అంశమున సరిపోదో రెండును చెప్పుదునని హెచ్చరించిరి. ఉపాధి చేత కాంతికి బరువు తోచుట వరకు సరిపోవును. ఆ బరువే కాంతికి అంతమగుట సరిపోదు. ఆత్మకు అంతము లేదు. వెలువడిన కణద్వయమును ముక్తజీవునితో పోల్చుట బొత్తిగా సరిపోదు. అది వేరొక సాంద్రగర్భములో మరల బందీ కాగలదు, ముక్తునకు పునరావృత్తి లేదు. ఇన్ని మినహాయింపులతో చెప్పిన దృష్టాంతము నిన్నటి మాటవలె మ్రోగలేదు. అయినను, వెనుకవరుసలో కూర్చుండిన పాఠశాల విద్యార్థులు నలుగురు, ప్రసాదము తీసికొనిన పిమ్మట మనుమని చుట్టుచేరి చీకటి పడువరకు ప్రశ్నలడుగుచునే ఉండిరి. ఉద్ధరిణెడు నాలుగైదు టన్నులన్న మాట వారికి అన్నిటికంటె నచ్చినది.

సెలవు ముగిసి మనుమడు బయలుదేరిన ఉదయమున తాతగారు రేవు వరకు వచ్చిరి. మంచు ఇంకను విడలేదు. పంటు నిండుచున్నది. ద్విచక్రవాహనములను ఒక ప్రక్కకు జరుపుచున్నారు. మనుమడు పాదములకు నమస్కరించి లేచినప్పుడు వారు అడిగిరి.

"ఒక సంగతి అడగడం మరిచాను. ఆ తరంగం న్యూట్రినోలై వెళ్ళిపోయాక, దానితో ఊగిన ఎలక్ట్రాన్ల మాటేమిటి?"

"అవి అక్కడే ఉంటాయి తాతగారూ. నక్షత్రం వేడిగా ఉన్నంతకాలం ఇంకో తరంగం వస్తూనే ఉంటుంది. మళ్ళీ ఊగుతాయి."

"అలాగా," అనిరి వారు. పంటు కదలినది. ఆవలి ఒడ్డు కనబడుటలేదు. మరునాడు పాఠశాలలో అరుణపాఠము చెప్పవలసి ఉన్నందున వారు అట్టే నిలువక వెనుకకు మరలిరి.